ఫజర్ రెండ్రోజులు తిరిగినా ఒక్క క్రాష్ రాలేదా? ముందు ఇది చూడండి

లక్షణం: శుక్రవారం లిబ్‌ఫజర్ (ప్రోగ్రామ్‌కి రకరకాల ఇన్‌పుట్లు మార్చి మార్చి ఇచ్చి బగ్‌లు బయటపెట్టే టూల్, అంటే ఫజర్) రన్ పెట్టి ఔటర్ రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో పడ్డారు. సోమవారం చూస్తే సెకనుకు వేల రన్లు, క్రాష్‌లు సున్నా. కవరేజ్ అంకె (కోడ్‌లో ఎంత భాగం నడిచిందో చెప్పేది) మొదటి నిమిషంలో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. స్టాండప్ మీటింగ్‌లో "మన పార్సర్ గట్టిది" (పార్సర్ అంటే ఇన్‌పుట్‌ని చదివి విడదీసే కోడ్) అని అప్పుడే చెప్పేయకండి.

అందరూ ఎగ్గొట్టే చెక్: మీరు పరీక్షిస్తున్న లైబ్రరీలో పార్సింగ్ మొదలయ్యే ఫంక్షన్ మొదటి లైన్లో అబార్ట్ (ప్రోగ్రామ్‌ని అక్కడే పడగొట్టే కాల్) పెట్టి, మళ్లీ బిల్డ్ చేసి నడపండి. ప్రోగ్రామ్ వెంటనే పడిపోవాలి. పడలేదంటే హార్నెస్ (ఫజర్ ఇచ్చే ఇన్‌పుట్‌ని లైబ్రరీకి అందించే మీ చిన్న కోడ్) ఇన్‌పుట్‌ని అక్కడిదాకా చేర్చట్లేదు, లేదా పాత లైబ్రరీ లింక్ అవుతోంది. లింకైంది డైనమిక్ లైబ్రరీ అయితే ఎల్‌డీడీ కమాండ్ కొడితే ఎక్కడినుంచి లోడవుతోందో తెలుస్తుంది.

అబార్ట్ పనిచేసినా సంబరపడొద్దు. అసలు మోసం ఇక్కడే ఉంది. రన్ మొదలవగానే పైన "లోడెడ్ 1 మాడ్యూల్స్" అనే లైన్ వస్తుంది, పక్కనే కౌంటర్ల (కోడ్‌లో ఏ దారులు నడిచాయో లెక్కపెట్టేవి) సంఖ్య ఉంటుంది. ఇరవై వేల లైన్ల లైబ్రరీకి అక్కడ 12 కనిపిస్తే, ఆ 12 హార్నెస్‌వే. లైబ్రరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ (కంపైలర్ ఆ కౌంటర్లనీ చెక్‌లనీ కోడ్‌లో చేర్చడం) లేదు. హార్నెస్‌లో ఎంతోకొంత ఉంది కాబట్టి ఫజర్ ఏ వార్నింగూ ఇవ్వదు. లైబ్రరీ లోపల ఏ దారి కొత్తదో దానికి తెలియదు, కార్పస్ (పనికొచ్చాయని దాచుకునే ఇన్‌పుట్ల సెట్) పెరగదు. మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ కూడా సగం గుడ్డిదే: మెమ్‌కాపీ లాంటి కాల్స్‌ని పట్టుకుంటుంది గానీ, లైబ్రరీ తన లూప్‌లో బఫర్ దాటి ఒక బైట్ చదివితే చూడలేదు. బగ్ తగిలినా చప్పుడుండదు.

కారణం చాలాసార్లు బిల్డ్ సెట్ చేసే టూల్ సీమేక్. పాత బిల్డ్ ఫోల్డర్‌లోనే ఉండి కంపైలర్‌నీ ఫ్లాగ్‌లనీ ఎన్విరాన్‌మెంట్‌లో మార్చి మళ్లీ నడిపితే, అది మొదటిసారి రాసుకున్న విలువలనే వాడుతుంది, కిక్కురుమనదు. ఆ ఫోల్డర్ మొత్తం తీసేయండి. కొత్త ఫోల్డర్‌లో కంపైలర్ క్లాంగ్ పెట్టి, లైబ్రరీకి శానిటైజ్ ఫ్లాగ్‌లో "ఫజర్-నో-లింక్, అడ్రస్", హార్నెస్‌కి "ఫజర్, అడ్రస్" ఇవ్వండి. స్టాటిక్‌గా లింక్ చేయండి. కౌంటర్లు వేలల్లోకి రావాలి.

వచ్చినా కవరేజ్ కదలకపోతే చెక్‌సమ్ (డేటా మారిందో లేదో తేల్చే లెక్క) అడ్డం పడుతోందేమో చూడండి. పీఎన్‌జీలో ప్రతి చంక్‌కీ (డేటా ముక్కకీ) సీఆర్‌సీ-32 అనే చెక్‌సమ్ ఉంటుంది. ఫజర్ బైట్లు మార్చుకుంటూ పోతే అది కలవదు, పార్సర్ ఇన్‌పుట్‌ని అక్కడే తిప్పికొడుతుంది. ఫజింగ్ బిల్డ్ వరకు ఆ పోలిక తీసేయండి. జీఎస్‌టీ నంబర్‌లో చివరి, అంటే 15వ అక్షరం కూడా అలాంటి చెక్ కోసమే, కాకపోతే అది ఒక్క అక్షరమే కాబట్టి అక్కడ అప్పుడప్పుడు అదృష్టం కలిసొస్తుంది.

సీడ్ ఫైళ్లు (ఫజర్ మొదలుపెట్టడానికి మీరిచ్చే నమూనా ఇన్‌పుట్లు) లేకుండా నడిపితే ఇన్‌పుట్ 4096 బైట్లు దాటదు. మీ ఫార్మాట్ పెద్దదైతే ఆ పరిమితిని మార్చే మ్యాక్స్‌లెన్ ఆప్షన్ ఇవ్వండి. ర్యామ్ పాడైంది, కంపైలర్‌లోనే బగ్ ఉంది లాంటి అనుమానాలు ఇవన్నీ అయ్యాక చూసుకోవచ్చు.