ఆర్‌సీ కారు మోటారు మొరాయిస్తే తప్పు ఎక్కడుందో కనిపెట్టి సరిచేసుకోవడం ఎలా?

రిమోట్ కారు ఉన్నట్టుండి వేగం తగ్గినా, కుదుపులతో కదిలినా, అసలు కదలకపోయినా ముందుగా నింద పడేది మోటారు మీదే. కాలిపోయిందని తేల్చేసి కొత్తది కొనేవారు చాలామంది. అయితే అలా పక్కన పడేసిన మోటార్లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదు. తప్పు బ్యాటరీలోనో, కనెక్టర్‌లోనో, గేర్ల బిగింపులోనో ఉంటుంది. కాబట్టి మోటారును మిగతా భాగాల నుంచి వేరుచేసి చూసే వరకూ దాని మీద ఏ తీర్పూ ఇవ్వకూడదు. ఇక్కడ చెప్పేదంతా 1:10 స్కేలు కార్లలో విరివిగా వాడే 540 సైజు మోటార్లకు వర్తిస్తుంది.

మొదటి దశ: బ్యాటరీ, కనెక్టర్లు

రెండు సెల్‌ల లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పూర్తిగా చార్జ్ అయినప్పుడు 8.4 వోల్టులు చూపాలి. కారు నడిపిన వెంటనే కనెక్టర్లను వేలితో తాకి చూడండి. ఏదైనా కనెక్టర్ వేడిగా ఉంటే కరెంటు అక్కడే వృథా అవుతున్నట్టు. ముఖ్యంగా పాత నికెల్ బ్యాటరీలతో వచ్చే తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్లలో ఈ సమస్య ఎక్కువ. తరువాత, మోటారుకు కరెంటు అందించే స్పీడ్ కంట్రోలర్‌ను, అంటే ఈఎస్‌సీని, ఏ బ్యాటరీకి సెట్ చేశారో చూడాలి. లిపో సెట్టింగ్‌లో ఉంచి ఆరు సెల్‌ల నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీ పెడితే, యాక్సిలరేటర్ గట్టిగా నొక్కినప్పుడల్లా వోల్టేజీ కిందికి పడి, బ్యాటరీలో ఇంకా చార్జ్ ఉండగానే ఈఎస్‌సీ సరఫరాను ఆపేస్తుంది. చూసేవారికి అది మోటారు నీరసించినట్టే కనిపిస్తుంది. దీనికి తిరగేసిన పొరపాటు మరింత ప్రమాదకరం: నికెల్ సెట్టింగ్‌లో లిపో వాడితే బ్యాటరీ అవసరానికి మించి ఖాళీ అయి పాడైపోతుంది.

ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) మార్చినా, దాని మీద సున్నా స్థానాన్ని సవరించే ట్రిమ్ కదిపినా ఈఎస్‌సీని మళ్లీ కాలిబ్రేట్ చేయాలి, అంటే రిమోట్ సంకేతాలకు సరిపెట్టాలి. ఆ పని చేసే ముందు పినియన్‌ను, అంటే మోటారు ఇరుసు మీది చిన్న గేరును, తీసేయడమో, చక్రాలు నేలకు తగలకుండా కారును దిమ్మ మీద పెట్టడమో తప్పనిసరి.

రెండవ దశ: మోటారును విడదీసి చూడటం

మోటారును కారు నుంచి విప్పి, ముందుగా గేర్‌బాక్స్‌ను చేతితో తిప్పండి. చక్రాలు బిగుతుగా తిరిగితే బేరింగ్‌లో ఇసుక చేరిందో, ఇరుసుకు వెంట్రుకలు, దారాలు చుట్టుకున్నాయో వెతకాలి. గేర్‌బాక్స్ తేలికగా తిరిగితేనే అనుమానం మోటారు వైపు మళ్లాలి.

మోటారును బిగించిన మరలను కూడా ఇప్పుడే పరిశీలించాలి. 540 మోటార్లకు 3 మి.మీ. మరలు వాడతారు, పాత మర పోయిందని పొడవైనది బిగిస్తే దాని కొన మోటారు డబ్బా లోపలికి దిగి, లోపల తిరిగే భాగమైన ఆర్మేచర్ తీగలను గీరుతుంది. ఇలా చనిపోయిన మోటారును ఎవరూ బాగుచేయలేరు.

బ్రష్ మోటారు అయితే

కిట్‌తో పాటు వచ్చే వెండిరంగు డబ్బా మోటారు ఇదే. దీని ఆర్మేచర్‌కు మూడు ధ్రువాలు, బ్రష్‌ల నుంచి దానికి కరెంటు అందించే కమ్యుటేటర్‌కు మూడు రాగి ముక్కలు ఉంటాయి. మోటారు కదలకుండా ఆగి, పినియన్‌ను వేలితో కాస్త తిప్పగానే పరుగందుకుంటే, ఆ మూడు రాగి ముక్కల్లో ఒకటి మసిబారిందనో, దానికి చేరే తీగ తెగిందనో అర్థం. మోటారు క్లీనర్ స్ప్రే కొట్టి, తక్కువ వోల్టేజీలో కాసేపు తిప్పితే మసి అయితే పోతుంది. తెగిన తీగ అయితే పోదు. శుభ్రం చేశాక ఇరుసును రెండు చివరలా పట్టి ఉంచే బుష్‌లకు ఒక్కొక్క చుక్క పలుచని నూనె చాలు, కమ్యుటేటర్ మీద మాత్రం నూనె పడకూడదు. మూత విప్పగలిగే మోటార్లలో బ్రష్‌లు సగానికి అరిగితే మార్చుకోవచ్చు. మడిచి మూసేసిన డబ్బాను విప్పడానికి శ్రమపడటం కంటే కొత్తది కొనడమే చవక.

నడిపేటప్పుడు స్టీరింగ్ దానంతట అదే వణికితే కెపాసిటర్లను చూడండి. ‘104’ అని ముద్ర ఉన్న మూడు చిన్న బిళ్లలుంటాయి: ఒకటి రెండు టెర్మినళ్ల మధ్య, మిగిలిన రెండు ఒక్కో టెర్మినల్ నుంచి డబ్బాకు. దెబ్బలకు వీటి కాళ్లు సోల్డర్ దగ్గర విరగడం మామూలే. తరువాత మల్టీమీటర్‌తో టెర్మినల్‌కూ డబ్బాకూ మధ్య కంటిన్యుటీ (కరెంటుకు దారి ఉందా లేదా) చూడాలి. బీప్ వస్తే లోపల షార్ట్ ఉన్నట్టే.

బ్రష్‌లెస్ మోటారు అయితే

మూడు తీగలనూ ఈఎస్‌సీ నుంచి పీకి, ఒకదానికొకటి తగలకుండా ఉంచి, ఇరుసును వేళ్లతో తిప్పండి. అయస్కాంతాల లాగుడుకు తెలిసే చిన్న చిన్న అదుర్లు తప్ప వేరే బరువు తెలియకూడదు. బరువు తెలిస్తే బేరింగ్ పోయిందనో, తీగ చుట్టలో షార్ట్ ఉందనో అర్థం. ఇప్పుడు ఏవైనా రెండు తీగల కొనలను కలిపి పట్టుకుని తిప్పితే బ్రేకు వేసినట్టు చేతికి తెలుస్తుంది. మూడు జతలనూ ఇలాగే కలిపి చూడాలి. మూడింటికీ బ్రేకు సమానంగా ఉంటే చుట్టలు బాగున్నట్టే. ఒక జతకు తేడా ఉంటే చుట్టలోనో, కనెక్టర్ సోల్డర్‌లోనో లోపముంది. పరికరం ఏదీ అక్కర్లేని ఈ పరీక్ష నా దృష్టిలో మల్టీమీటర్ కంటే నమ్మదగినది. ఎందుకంటే చుట్టల నిరోధం ఓమ్‌లో చిన్న భిన్నమే, మామూలు మీటరు ఆ తేడాను పట్టుకోలేదు.

కారు కదిలేటప్పుడు గడగడలాడి, వేగం అందుకున్నాక సాఫీగా వెళ్లడాన్ని కోగింగ్ అంటారు. మోటారు ఏ స్థానంలో ఉందో ఈఎస్‌సీకి చెప్పే సెన్సార్ లేని మోటార్లకు ఇది కొంత సహజం. నీరసించిన బ్యాటరీ, వదులైన కనెక్టర్, అతి పెద్ద పినియన్ దాన్ని పెంచుతాయి. సెన్సార్ ఉన్న మోటారుకూ అదే జరిగితే సన్నని సెన్సార్ కేబుల్‌ను మార్చి చూడండి. సెన్సార్ లేని మోటారు వెనక్కి తిరిగితే మూడు తీగలలో ఏ రెండింటినైనా తారుమారు చేయవచ్చు. సెన్సార్ ఉన్నదానికి ఆ పని చేయకండి. ఎ, బి, సి తీగలు తమ స్థానాల్లోనే ఉండాలి, దిశను ఈఎస్‌సీ సెట్టింగ్‌లోనే మార్చాలి.

గేర్ బిగింపు, నిష్పత్తి

మోటారును మళ్లీ బిగించేటప్పుడు పినియన్‌కూ, అది తిప్పే పెద్ద గేరైన స్పర్ గేర్‌కూ మధ్య నోటుపుస్తకం కాగితపు ముక్క దూర్చి, రెండింటినీ దగ్గరికి నొక్కి మరలు బిగించి, గేర్లను తిప్పుతూ కాగితాన్ని బయటికి తీయండి. కాగితం మీద మడతలు పడాలి, చిరగకూడదు. స్పర్ గేర్ పూర్తి గుండ్రంగా ఉండదు కాబట్టి మూడు నాలుగు చోట్ల ఇలా సరిచూడాలి. చాలా బిగుతైతే మోటారు వేడెక్కుతుంది, వదులైతే పళ్లు రాలిపోతాయి. టామియా టీటీ-02 లాంటి కిట్లలో మోటారు స్థానం రంధ్రాలతోనే నిర్ణయమై ఉంటుంది, అక్కడ ఈ పని తప్పుతుంది.

అదే టీటీ-02లో 70 పళ్ల స్పర్, 22 పళ్ల పినియన్, గేర్‌బాక్స్ లోపలి 2.6 నిష్పత్తి కలిసి 8.27 అవుతాయి, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి మోటారు 8.27 చుట్లు తిరుగుతుంది. 20 పళ్ల పినియన్ వేస్తే అది 9.1కి చేరి, గరిష్ఠ వేగం తగ్గినా మోటారు మీద భారం తేలికవుతుంది. సెన్సార్ మోటార్ల మూత మీద ఉండే టైమింగ్ (చుట్టలకు కరెంటు ఎంత ముందుగా అందాలో నిర్ణయించే) గుర్తులను ముందుకు జరిపితే వేగంతో పాటు కరెంటు, వేడి కూడా పెరుగుతాయి. కాబట్టి పినియన్‌నూ టైమింగ్‌నూ ఒకేసారి మార్చకూడదు.

కొత్త సెట్టింగ్‌తో నాలుగైదు నిమిషాలు నడిపి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో డబ్బా వేడి కొలవండి. 70 డిగ్రీల సెల్సియస్ లోపు ఉంటే నిశ్చింత. 80 దాటితే ఆపి చల్లారనివ్వాలి, లేదంటే అయస్కాంతాల బలం తగ్గిపోతుంది. మే నెలలో గాలే 42 డిగ్రీలుండే విజయవాడలోనో, రామగుండంలోనో నడిపేవారు శీతాకాలంలో కుదిరిన పినియన్‌ను అలాగే ఉంచకుండా ఒకటి రెండు పళ్లు తగ్గించుకోవాలి. కొత్త మోటారు వేసినప్పుడూ అంతే: తయారీదారు చెప్పిన దానికంటే రెండు పళ్లు చిన్న పినియన్‌తో మొదలుపెట్టి, ప్రతిసారీ వేడి కొలుస్తూ ఒక్కొక్క పన్నే పెంచుకుంటూ పోవాలి.