సీసం ఫర్నేస్ మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు

గాలం గుండ్లు, వల బరువులు ఇంటి దగ్గర పోత పోసుకునేవాళ్లు వాడే చిన్న ఎలక్ట్రిక్ ఫర్నేస్ గురించి ఇది. ఐదు కిలోలో తొమ్మిది కిలోలో పట్టే కుండ, అడుగున ముక్కు, ఆ ముక్కును మూసే కడ్డీ, పక్కన డయల్. సీసం కరిగించడం, అచ్చు పట్టుకోవడం వచ్చు అనుకునే రాస్తున్నాను.

ఏ తేడా కనిపించినా ముందు కరిగిన సీసంలో థర్మామీటరు ముంచండి. ఈ ఒక్క పని తప్ప మిగతావన్నీ చేసేవాళ్లే ఎక్కువ. డయల్ మీది 6 ఆరో గీత మాత్రమే, ఉష్ణోగ్రత కాదు. చాలా చిన్న ఫర్నేసుల్లో థర్మోస్టాట్ కుండ బయటి గోడ వేడిని చూస్తుంది, లోపలి సీసం వేడిని కాదు. అందుకే నిండు కుండకు సరిపోయిన గీత, సీసం సగానికి దిగాక ఎక్కువైపోతుంది. స్వచ్ఛమైన సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. పోతకు 370 నుంచి 400 చాలు. స్టీలు తొడుగు ఉన్న కె రకం థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ సెన్సరు) కొనుక్కుంటే ఈ కింద రాసిన సగం సమస్యలు చదవనక్కర్లేదు.

కరగడానికి గంట పడుతోంది

తొమ్మిది కిలోల చల్లటి సీసాన్ని 400 డిగ్రీలకు తేవడానికి సుమారు 650 కిలోజౌళ్లు కావాలి. 700 వాట్ల ఫర్నేస్‌కు, వేడి ఎక్కడా పోకపోతే, అది పదిహేను పదహారు నిమిషాల పని. గోడల నుంచి పోయే వేడి కలుపుకుని అరగంట అనుకోండి. ముప్పావుగంట దాటితే రెండే అనుమానాలు.

మొదటిది కరెంటు. 230 వోల్టుల ఫర్నేస్‌ను 120 వోల్టులకు తగిలిస్తే పావు వంతు కంటే కాస్త ఎక్కువ శక్తే వస్తుంది. 120 వోల్టుల ఫర్నేస్‌ను 230కి తగిలిస్తే శక్తి మూడున్నర రెట్లు దాటి ఎలిమెంటు కాలిపోతుంది. వోల్టేజీ సరిగ్గానే ఉన్నా సన్నటి పొడుగు ఎక్స్‌టెన్షన్ వైరు దెబ్బ కొడుతుంది. వైరులో 10 శాతం వోల్టేజీ పడిపోతే శక్తి 19 శాతం తగ్గుతుంది. వైరు ముట్టుకుంటే వెచ్చగా ఉంటే అదే దొంగ.

రెండోది ఖాళీ కుండ. ఖాళీ కుండలో దిమ్మలు పేరిస్తే గోడకు రెండు మూడు చోట్ల తప్ప తగలవు. గోడ వేడెక్కుతుంది, థర్మోస్టాట్ పని అయిపోయిందనుకుని ఆపేస్తుంది, దిమ్మలు మాత్రం అలాగే ఉంటాయి. పని ముగించేటప్పుడు మూడో వంతు సీసం కుండలోనే గడ్డకట్టనివ్వండి. మర్నాడు అది ముందు కరిగి దిమ్మలను చుట్టూ తడుపుతుంది. ఈ మూడో వంతు మాట గుర్తుంచుకోండి, కింద మళ్లీ వస్తుంది.

కడ్డీ దించినా ముక్కు కారుతోంది

కొందరు కొత్త కడ్డీ కొంటారు. కొందరు గరుకు పేస్టు వేసి సీటు, అంటే ముక్కు దగ్గర కడ్డీ కొన కూర్చునే చోటు, నూరతారు. కొందరు కడ్డీ నెత్తిన బరువు కడతారు. ఇవన్నీ చివర చేయాల్సిన పనులు. ముందు థర్మామీటరు చూడండి, 420 దాటితే మంచి సీటు కూడా కారుతుంది. వేడి సరిగ్గానే ఉంటే, కడ్డీ తలమీద స్క్రూడ్రైవరు గాడి ఉంటుంది కదా, సీసం కరిగి ఉండగానే కిందికి నొక్కుతూ అటూ ఇటూ అర చుట్టు చొప్పున పదిసార్లు తిప్పండి. ఆగిపోతే సీటులో నలుసు ఇరుక్కుందన్నమాట. ఆగి, పది నిమిషాల తర్వాత మళ్లీ మొదలైతే అసలు రోగం కుండ అడుగున ఉంది. చాలామందిని ఏళ్ల తరబడి ఏడిపించేది ఇదే.

‘మురికి తేలుతుంది కదా, అడుక్కి ఎలా పోతుంది?’ అని అడుగుతారు. లెక్క ప్రకారం అది నిజమే. సీసం సాంద్రత 11.3, ఇసుకది 2.65. కానీ తేలాలంటే ఆ నలుసు కిందికి ద్రవం చేరాలి. కరిగిన సీసం బూడిదనీ తుప్పునీ ఆక్సైడునీ తడపదు, వాటి కిందికి దూరదు. అడుగుకో గోడకో అతుక్కున్న మురికి మీద సీసం బరువుగా కూర్చుని దాన్ని ఇంకా నొక్కి పెడుతుంది. పైన ఎంత తెట్టు తీసినా, అద్దంలా మెరిసే సీసం కింద ఆ పొర చెక్కుచెదరదు.

అక్కడికి చేరేదెలా? కుండను అడుగంటా ఖాళీ చేసిన రోజున. సీసం దిగుతుంటే పైన తేలే తెట్టు కూడా దానితోపాటే దిగి, చివరికి ముక్కు చుట్టూ కూర్చుంటుంది. దాని మీద చల్లటి దిమ్మలు పడేస్తే సమాధి కట్టినట్టే. మర్నాటి నుంచి కడ్డీ లేపిన ప్రతిసారీ ప్రవాహం ముక్కు వైపు లాగుతుంది, ఒక్కో నలుసు ఊడి సీటులోకి వస్తుంది. తిప్పితే ఆగడం, కాసేపటికి మళ్లీ కారడం, ఒక్కోసారి ధార సన్నబడిపోవడం, అన్నీ ఇందుకే.

ఇంకో దారి తుక్కు. బండి చక్రాలకు బిగించే బరువులు, పాత పైపులు, ఇసుక పట్టిన వల గుండ్లు పోత కుండలోనే కరిగిస్తే మురికి గోడలకు పడుతుంది. మురికిని విడదీయడానికి బోరాక్స్ ఫ్లక్స్ పొడి వాడేవాళ్లకు మరీ కష్టం. అది గాజులా గోడకు అంటుకుని మురికిని పట్టి ఉంచుతుంది.

మొదట తేలిక మార్గం. కుండ నిండా సీసం, 380 నుంచి 400 డిగ్రీలు. బాగా ఎండిన కర్ర పుల్ల తీసుకుని, కొన ముంచే ముందు సీసం పైన కాసేపు పట్టి చెమ్మ పోనివ్వండి. ఆ పుల్లతో గోడలు, అడుగు, ముక్కు చుట్టూ గట్టిగా గీకండి. గీరినప్పుడు మురికి కిందికి సీసం చేరుతుంది, అప్పుడది తేలుతుంది. మాడే కర్ర కొంత ఆక్సైడును తిరిగి సీసంగా మారుస్తుంది కూడా. పైకొచ్చింది తీసేయండి. మూడు నాలుగు విడతలు చేయండి. రెండోసారి కూడా నల్లటి పొడి బాగా వస్తే ఇంకా ఉందని అర్థం.

దానికీ లొంగకపోతే కుండ మొత్తం దిమ్మల అచ్చుల్లోకి దించండి. ప్లగ్ తీసి పూర్తిగా చల్లారనిచ్చి, కడ్డీ ఊడదీసి, తడి చేసిన వైరు బ్రష్‌తో లోపల రుద్దండి. పొడిగా రుద్దకూడదు, గరుకు కాగితం అసలే వద్దు. పోత వేడిలో సీసం ఆవిరి తక్కువే. ఒంట్లోకి సీసాన్ని ఎక్కువగా తెచ్చేది ఈ పసుపు, బూడిద రంగు పొడి. సన్నటి దుమ్మును ఆపే పి100 మాస్కు పెట్టుకోండి, తుడిచిన గుడ్డలు సంచిలో మూసేయండి, ఆ బట్టలు విడిగా ఉతకండి. తెట్టు డబ్బా కూడా మూతపెట్టి పిల్లలకు అందనిచోట ఉంచాలి.

ముక్కు రంధ్రంలోకి దాని సైజు డ్రిల్ బిట్టును కింది నుంచి చేత్తో తిప్పండి. మెషిన్‌కు బిగించి తిప్పితే రంధ్రం పెద్దదవుతుంది, ఆ తర్వాత ఏ కడ్డీ మూయదు. కడ్డీ కొనను సన్నటి స్టీల్ ఊల్‌తో తుడవండి. ఇంతా చేశాక కూడా కొన మీద వంకర మచ్చ కనిపిస్తేనే వాల్వు పేస్టు, అదీ సన్న రకం, పది పన్నెండు చుట్లు. పేస్టు కూడా ఇసుక లాంటిదే కాబట్టి ఆనవాలు లేకుండా తుడవాలి. చివరికి ఖాళీ కుండను తక్కువ గీతమీద పది నిమిషాలు ఆరబెట్టండి. చెమ్మ మిగిలిన కుండలో సీసం కరిగిస్తే ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై వేడి సీసాన్ని మొహం మీదికి చిమ్ముతుంది. కొత్త దిమ్మలను కుండ అంచున వేడిచేసి వేయమనేది కూడా అందుకే.

ఇకమీదట తుక్కుకు వేరే ఇనప పాత్ర, ఆరుబయట బర్నరు. పోత కుండలోకి శుభ్రమైన దిమ్మలే. మూడో వంతు కంటే కిందికి ఎప్పుడూ దించకండి. నిమిషాలకొకటి రాలే చుక్కను మాత్రం రోగం అనుకోవద్దు, కింద దిమ్మ అచ్చు పెట్టి ఊరుకోండి.

ముక్కు గడ్డకట్టింది

ముక్కు కుండ బయటకు పొడుచుకొచ్చి ఉంటుంది, దానికి సొంత వేడి లేదు. పోతకు పోతకు మధ్య ఆలస్యమైతే గడ్డకడుతుంది. చిన్న గ్యాస్ టార్చి మంట ముక్కు ఇనుముకు మాత్రమే కొన్ని సెకన్లు చూపించండి, వైర్ల వైపు పోనివ్వకండి. పక్కకు నిలబడి, కింద దిమ్మ అచ్చు ఉండగానే చేయండి. రోజూ ఇదే గొడవైతే 15, 20 డిగ్రీలు పెంచి, పోత వేగం పెంచండి.

సీసం పెరుగు విరిగినట్టు గింజలు గింజలుగా ఉంది

తెట్టు అనుకుని గరిటెతో తీసేయకండి. యాంటిమొనీ, తగరం ఉన్న మిశ్రమం పూర్తిగా కరగని వేడిలో ఇలాగే ఉంటుంది. తీసి పారేస్తే గట్టిదనాన్ని ఇచ్చే లోహాలే పోతాయి. 380 దాకా తెచ్చి కలపండి. మాయమైతే వేడి తక్కువైందంతే.

మాయం కాకపోతే జింక్. అది 419 డిగ్రీల దగ్గర కరుగుతుంది. తుక్కును 400 లోపల కరిగిస్తే అందులోని జింక్ చక్రాల బరువులు ముక్కలుగా పైన తేలతాయి, తీసేయొచ్చు. అనుమానం ఉన్న ముక్కను గీకి, పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేయండి. జింక్ మీద బుసబుసా పొంగుతుంది, సీసం మీద ఊరకుంటుంది. ఒకసారి కలిసిపోయాక దాంతో కుస్తీ పట్టొద్దు, పెద్ద లంగరు బరువులకు వాడేయండి. గాల్వనైజ్ చేసిన గరిటె, బకెట్టు వాడితే కూడా జింక్ చేరుతుంది.

గుండ్ల మీద ముడతలు, లేదా మంచు పట్టినట్టు తెలుపు

ముడతలైతే అచ్చు చల్లగా ఉంది, లేదా అచ్చులో నూనె మిగిలింది. తెల్లటి మంచు పొర అయితే అచ్చు మరీ వేడెక్కింది, వేగం తగ్గించండి. ఫర్నేస్‌ను అనుమానించాల్సిన పని లేదు.

అరుదైనవి

చాలాకాలం మూలన పడ్డ ఫర్నేస్ ఎర్త్ లీకేజీ స్విచ్‌ను పడగొడితే ఎలిమెంటు చెమ్మ పీల్చి ఉండొచ్చు. పొడి వేడి చోట ఒకట్రెండు రోజులు ఆరబెట్టి చూడండి, అయినా పడితే ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి గానీ స్విచ్‌ను తప్పించి తగిలించకూడదు. కుండ పగుళ్లు, థర్మోస్టాట్ అతుక్కోవడం లాంటివి ఉన్నాయి, మార్చడం తప్ప చేసేదేం లేదు. పాత బ్యాటరీ ప్లేట్లను మాత్రం ఏ కుండలోనూ కరిగించకండి. వాటి తెట్టుకు తడి తగిలితే ఆర్సీన్ అనే విషవాయువు పుట్టొచ్చు.

మార్చేసి కొత్తది కొనాలనుకుంటే

చిన్న గుండ్లు వందలకొద్దీ పోసేవాళ్లకు అడుగు ముక్కు రకం. 200 గ్రాములు దాటిన బరువులకు నోరు వెడల్పున్న కుండ, గరిటె మేలు. అందులో కారడానికి ముక్కే లేదు. సామర్థ్యం లెక్క సులువు: 50 గ్రాముల గుండ్లు వంద అంటే ఐదు కిలోలు, మూడో వంతు కుండలోనే ఉంచాలి కాబట్టి తొమ్మిది కిలోల కుండ కావాలి. వాట్లు 700కి తగ్గకుండా చూడండి. సెన్సరు సీసంలోకి దిగే రకం దొరికితే దానికే కాస్త ఎక్కువ ఇవ్వండి. కొనేముందు కడ్డీని చేత్తో ఊడదీసి చూడండి, పనిముట్లు లేకుండా రాకపోతే శుభ్రం చేసే ప్రతిసారీ తిట్టుకుంటారు.