నాట్లు పడకముందే క్రాష్ గార్డ్ బిగిస్తున్నారా? ముందు ఇంజిన్ బోల్టు గురించి తెలుసుకోండి

మృగశిర దాటి నాట్లు మొదలైతే మన వైపు రోడ్లు ఎట్లా ఉంటాయో బండి నడిపేవాళ్లకు చెప్పక్కర్లేదు. పరకాల, నర్సంపేట దారుల్లో పొలం నుంచి రోడ్డెక్కిన ట్రాక్టర్ టైర్ల మట్టి రాలి ఉంటుంది. దాని మీద నాలుగు చినుకులు పడితే చాలు, ముందు చక్రం సబ్బు మీద ఎక్కినట్టే. లక్నవరం, బొగత జలపాతం చూడాలని ములుగు రోడ్డు పట్టే పిల్లలు కూడా ఈ నెలల్లోనే ఎక్కువ. అందుకే చాలామంది క్రాష్ గార్డ్ (బండి పడితే ఇంజిన్‌కు దెబ్బ తగలకుండా ముందు బిగించే ఇనుప కమ్మీ) తెప్పించుకుని ఇంటి ముందే బిగించుకుంటున్నారు. బిగించుకోవచ్చు, అదేం పెద్ద విద్య కాదు. అయితే పానా పట్టే ముందు ఒక్క సంగతి తెలియాలి. చాలా బండ్లలో గార్డ్‌కంటూ విడిగా బోల్టు ఉండదు. ఇంజిన్‌ను ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, పట్టి ఉంచే బోల్టునే విప్పి, అదే చోట గార్డ్‌ను కూడా కలిపి బిగిస్తాం. ఆ బోల్టు పాడైతే గార్డ్ ఒక్కటే ఊడిపోదు, ఇంజిన్ పట్టు కూడా పోతుంది.

ఇది నేను చెయ్యి కాల్చుకుని నేర్చుకున్నాను. హనుమకొండలో మా ఇంటి ముందు, ఒక ఆదివారం మధ్యాహ్నం, నేనూ మా బావమరిదీ కూర్చున్నాం. బండి సైడ్ స్టాండ్ మీదే ఉంది. ముందువైపు పొడుగు బోల్టు మొత్తం బయటికి లాగేశాం. ఇంజిన్ వెంట్రుక వాసంత కిందికి దిగింది, చూస్తే కూడా తెలియదు. కానీ గార్డ్ కిట్‌తో వచ్చిన కొత్త బోల్టు సగం దాకా వెళ్లి ఆగిపోయింది. "బావా, సుత్తితో రెండు దెబ్బలు వెయ్యి, పోతది" అన్నాడు. వేశాను. బోల్టు లోపలికి పోయింది గానీ చివర మర చితికిపోయింది, నట్టు ఎక్కలేదు. ఆ రాత్రంతా బండి అట్లాగే ఉంది.

అందుకే బండిని డబుల్ స్టాండ్ మీద, చదునైన గచ్చు మీద నిలబెట్టండి. ఇంజిన్ పూర్తిగా చల్లారనివ్వండి, సైలెన్సర్ పైపు మోచేతికి తగిలితే చర్మం లేచిపోతుంది. ఇంజిన్ కింద చెక్క ముక్క పెట్టి, దాని కింద జాకీ ఆనించండి. ఎత్తొద్దు, ఊరికే బరువు ఆనాలి, అంతే. చెక్క డ్రైన్ బోల్టు (ఆయిల్ దించే బోల్టు) మీద గానీ ఆయిల్ ఫిల్టర్ మూత మీద గానీ పడకుండా చూసుకోవాలి. ఒకేసారి ఒక్క బోల్టే విప్పాలి. పాత బోల్టు బయటికి వస్తుంటే దాని వెనకే కొత్త బోల్టును తోస్తూ రండి, రంధ్రం ఖాళీగా ఉండే సమయమే ఉండదు. చేత్తో తిరగని బోల్టును పానాతో తిప్పొద్దు. జాకీని కొంచెం పైకో కిందికో కదిపితే దానంతట అదే దారికి వస్తుంది.

కిట్‌తో వచ్చిన బోల్టు తల మీద 8.8 లేదా అంతకంటే పెద్ద అంకె ఉందా చూడండి, అది బోల్టు బలాన్ని చెప్పే గుర్తు. ఏ అంకె లేని మామూలు బోల్టు గేటుకు పనికొస్తుంది, ఇంజిన్‌కు కాదు. లోపల నైలాన్ రింగు ఉండే నట్టును ఒకసారి విప్పాక మళ్లీ వాడకుండా కొత్తది వేయండి. లాక్‌టైట్ (నట్టు వదులు కాకుండా మరకు రాసే జిగురు) వాడితే నీలం రంగుదే కొనండి, ఎర్రది వేస్తే మళ్లీ విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ నష్టం బిగింపులోనే జరుగుతుంది. "ఇంకో అర చుట్టు" అనే మాట ఎన్ని మరలు తిన్నదో! ఎంత బిగించాలో మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో న్యూటన్ మీటర్లలో ఉంటుంది. ఆ బిగింపును (దాన్నే టార్క్ అంటారు) కొలిచి చూపే పానా, టార్క్ రెంచ్, ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చుకోండి, సిగ్గుపడొద్దు. 40 న్యూటన్ మీటర్లంటే అర మీటరు పైపు చివర 8 కిలోల బరువు వేలాడదీసినంత. అదే పైపు మీద మనిషి తన బరువంతా వేస్తే ఏమవుతుందో ఊహించుకోండి. తుప్పు పట్టకూడదని మరకు గ్రీజు రాస్తారు కొందరు. మాన్యువల్ చెప్పకుండా రాయొద్దు, గ్రీజు ఉంటే అదే టార్క్‌కు బోల్టు ఇంకా ఎక్కువ సాగుతుంది.

బిగించాక హ్యాండిల్‌ను ఆ చివరి నుంచి ఈ చివరి దాకా తిప్పండి. క్లచ్ వైరు, హారన్ వైర్లు, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) వైరు ఎక్కడా నలగకూడదు. ముందు బ్రేకు పట్టి షాక్‌లను గట్టిగా కిందికి నొక్కండి, మడ్‌గార్డ్‌కూ గార్డ్‌కూ మధ్య ఖాళీ మిగలాలి. గార్డ్ రంధ్రాలు సరిపోలేదని బండి మీదే వెల్డింగ్ పెట్టించడం మాత్రం వద్దే వద్దు. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్6 బండ్లలో ఎక్కువ భాగం ఫ్యూయల్ ఇంజెక్షన్‌వే, అంటే పెట్రోలు ఎంత పోవాలో ఒక చిన్న కంప్యూటర్ చూసుకుంటుంది, అది వెల్డింగ్ కరెంటుకు కాలిపోవచ్చు. సరిపోని గార్డ్‌ను వెనక్కి పంపేయండి. వెనక చక్రం దగ్గరి చీర గార్డ్‌ను అందం కోసం తీసేస్తున్నవాళ్లకూ ఒక మాట: కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం దాన్ని తప్పనిసరి చేసింది. వెనక కూర్చునే అమ్మ చీర కొంగు, చెల్లె చున్నీ గుర్తు చేసుకోండి.

గార్డ్ ఉంది కదా అని దాని మీద కాళ్లు చాపి నడపొద్దు. పడితే ముందు విరిగేది ఆ కాలే. నెమ్మదిగా వెళ్తూ పక్కకు ఒరిగినప్పుడు అది ఇంజిన్‌నూ మోకాలినీ కాస్త కాపాడుతుంది. నేషనల్ హైవే మీద 80 స్పీడులో లారీకి తగిలితే అది కాపాడేదేమీ లేదు, హెల్మెట్ పెట్టుకోవాల్సిందే. ఒకసారి పడ్డాక గార్డ్ వంగితే, దాన్ని సాఫు చేయించే ముందు బోల్టు దగ్గర ఛాసిస్‌కు సన్న పగులు వచ్చిందేమో బట్టతో తుడిచి, టార్చి వేసి చూడండి.

మొదటి 100 కిలోమీటర్లు తిరిగాక టార్క్ రెంచ్‌తో మళ్లీ ఒకసారి చూడాలి, పెయింటు పొర అణిగి బిగింపు తగ్గుతుంది. నేనైతే నట్టు మీద నుంచి గార్డ్ మీదికి తెల్ల నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీసి ఉంచాను. పెట్రోలు పోయించుకునే ప్రతిసారీ వంగి చూస్తాను. గీత తెగి పక్కకు జరిగిందంటే నట్టు కదిలిందన్నమాట. ఆ రోజు బండి ఇంటికే తీసుకెళ్తాను.