యు-వేరియబుల్స్ పెట్టుకోవడం: ముందు కాగితం, తర్వాతే ట్యాగ్

సెర్చ్ యాడ్స్ నడిపేవాళ్లని ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న అడుగుతారు: "ఈ కీవర్డ్‌కి 140 కన్వర్షన్లు వచ్చాయి సరే, అందులో కొత్త కస్టమర్లు ఎంతమంది?" కీవర్డ్ అంటే జనం వెతికే మాట, కన్వర్షన్ అంటే యాడ్ నొక్కి వచ్చినవాళ్లు కొనడం, సైన్‌అప్ అవడం లాంటిది. రిపోర్ట్ ఎంత తిరగేసినా జవాబు దొరకదు, ఎందుకంటే మన ట్యాగ్ (సైట్ పేజీలో పెట్టే చిన్న కోడ్) పంపింది "ఒకటి అమ్ముడైంది" అన్న కబురు ఒక్కటే. ఎవరు కొన్నారు, ఏ ప్లాన్ తీసుకున్నారు, అందులో మనకి మిగిలింది ఎంత, ఇవన్నీ మనమే దానికి అప్పగించి పంపించాలి. అందుకే ఈ కస్టమ్ వేరియబుల్స్. సెర్చ్ యాడ్స్ 360లో (సెర్చ్ యాడ్స్‌ని ఒకేచోట నడిపే గూగుల్ సాఫ్ట్‌వేర్) పనిచేసేవాళ్లు వీటిని యు-వేరియబుల్స్ అంటారు, యు1, యు2 అని యు100 దాకా ఉంటాయి. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను గానీ సాఫ్ట్‌వేర్‌లో ఇంగ్లిష్ చిన్న యు అక్షరం, దాని పక్కనే ఖాళీ లేకుండా అంకె టైప్ చేయాలి.

వీటిని మోసుకెళ్లే ట్యాగ్ పేరు ఫ్లడ్‌లైట్. గూగుల్ యాడ్ టూల్స్‌కి పాత పేరైన డబుల్‌క్లిక్ కాలం నుంచీ ఉన్నదే. 2018లో ఆ పేరు తీసేసి, యాడ్స్ ఇచ్చేవాళ్లు వాడే టూల్స్‌ని గూగుల్ మార్కెటింగ్ ప్లాట్‌ఫామ్ కింద పెట్టారు, కానీ ట్యాగ్ వెళ్లే అడ్రస్‌లో ఇప్పటికీ డబుల్‌క్లిక్ అనే ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, టెస్టింగ్ దగ్గర పనికొస్తుంది.

ముందు సాఫ్ట్‌వేర్ తెరవకండి. ఒక షీట్ తీసుకుని, రిపోర్ట్ చూసి మీరు తీసుకోబోయే నిర్ణయాలేంటో రాయండి. "కొత్త కస్టమర్లని తెచ్చే కీవర్డ్స్‌కి బిడ్ (క్లిక్‌కి ఇస్తామనే ధర) పెంచాలి" అనేది నిర్ణయం. "ఏ బ్రౌజర్‌లో కొన్నారో తెలిస్తే బాగుంటుంది" అనేది ఉబలాటం. ఉబలాటాలకి యు-వేరియబుల్ ఇవ్వకండి. వంద ఉన్నాయి కదా అని పాతిక పెట్టుకున్నవాళ్లని చూశాను, ఆరు నెలలు తిరిగేసరికి అందులో నాలుగే వాడుతుంటారు, మిగతావి ఏంటో ఆ పెట్టినవాళ్లకే గుర్తుండదు.

ఆ షీట్‌లోనే ఒక్కోదానికి నంబర్, పేరు, అందులో రాబోయే విలువలు, అది ఏ పేజీలో ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు అడిగారు, ఏ తేదీన మొదలైంది అని రాసుకోండి. ఉదాహరణకి యు1 కస్టమర్ రకం, యు2 ప్లాన్ పేరు, యు3 మార్జిన్ (అమ్మకంలో మనకి మిగిలేది). నంబర్ ఒకసారి ఇచ్చాక ఇక మార్చొద్దు. వాడటం మానేసినా దాన్ని ఖాళీగానే వదిలేయండి, ఇంకోదానికి ఇవ్వకండి. నేను ఈ తప్పు చేశాను. ఒక అకౌంట్‌లో యు5 ఎవరూ వాడట్లేదు కదా అని పాత కూపన్ కోడ్ తీసేసి అందులో డెలివరీ రకం పంపించాను, మూడు నెలల తర్వాత ఏడాది రిపోర్ట్ తీస్తే ఒకే కాలమ్‌లో సగం కూపన్లు, సగం "ఎక్స్‌ప్రెస్"లు. విడదీయడానికి తేదీ తప్ప వేరే ఆధారం లేదు, ఆ తేదీ నేను ఎక్కడా రాసుకోలేదు. వంద నంబర్లున్నప్పుడు పిసినారితనం దేనికి?

ఇక అసలు మెలిక: డైమెన్షనా, మెట్రిక్కా? డైమెన్షన్ అంటే కన్వర్షన్లని గుంపులుగా విడగొట్టేది, కొత్త కస్టమర్ / పాత కస్టమర్ లాగా. మెట్రిక్ అంటే కూడిక చేసే అంకె, మార్జిన్ లాగా. చూడ్డానికి అంకెలా ఉన్నదల్లా మెట్రిక్ కాదు. ప్రొడక్ట్ కోడ్ అంకెల్లోనే ఉంటుంది, కానీ రెండు కోడ్లని కలిపితే వచ్చేదానికి అర్థమేం ఉంది? పైగా 0తో మొదలయ్యే కోడ్‌ని నంబర్‌గా చూస్తే ముందున్న 0 ఎగిరిపోతుంది. కూడితే అర్థం ఉంటే మెట్రిక్, లేకపోతే డైమెన్షన్. ఇంత పరీక్ష చాలు.

డైమెన్షన్‌లో ఇంకో ప్రమాదం, విలువలు మరీ ఎక్కువైపోవడం. ఆర్డర్ నంబర్‌ని డైమెన్షన్‌గా పంపితే ప్రతి కన్వర్షన్‌కీ ఒక కొత్త విలువ పుడుతుంది. సెర్చ్ యాడ్స్ 360 దీనికి పరిమితులు పెట్టింది. మొదటి పరిమితి దాటితే ఆ వేరియబుల్‌తో రిపోర్ట్‌ని విడగొట్టి చూడటం కుదరదు, ఇంకా పెరిగితే లెక్కల పరిమితి కూడా దాటేస్తుంది. ఆర్డర్ నంబర్‌కి ఫ్లడ్‌లైట్ సేల్స్ ట్యాగ్‌లో ఆర్డ్ అనే సొంత చోటు ఉంది, మొత్తం డబ్బుకి కాస్ట్, ఎన్ని కొన్నారో దానికి క్యూటీవై ఉన్నాయి. వాటికి ఇల్లు ఉండగా మళ్లీ యు-వేరియబుల్ అద్దెకివ్వక్కర్లేదు. పూర్తి పేజీ అడ్రస్ పంపడం కూడా ఇలాంటి తప్పే, పైగా దాంట్లో ఇంకో గొడవ ఉంది. కొన్ని సైట్లలో ఫారమ్ నింపాక అడ్రస్ చివర్లో ఈమెయిల్ కనిపిస్తుంది. ఈమెయిల్, ఫోన్ నంబర్, పేరు లాంటివి యు-వేరియబుల్‌లో పంపకూడదు, గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు. మీకు తెలియకుండా అడ్రస్ వెంట వెళ్లినా వెళ్లినట్టే.

షీట్ తయారైతే మిగతాది తేలిక. క్యాంపెయిన్ మేనేజర్ 360లో (ఫ్లడ్‌లైట్ ట్యాగ్‌లని తయారుచేసుకునే గూగుల్ టూల్) మీ అడ్వర్టైజర్ తెరిచి ఫ్లడ్‌లైట్ కాన్ఫిగరేషన్‌లోకి వెళ్లండి. కస్టమ్ ఫ్లడ్‌లైట్ వేరియబుల్స్ అన్న భాగంలో నంబర్, అందరికీ అర్థమయ్యే పేరు, రకం (అక్షరాలా, అంకెలా) ఇచ్చి సేవ్ చేయండి. తర్వాత ఏ కన్వర్షన్‌తో ఇవి రావాలో ఆ ఫ్లడ్‌లైట్ యాక్టివిటీ తెరిచి అక్కడ కూడా వాటిని జతచేయాలి, చాలామంది మర్చిపోయేది ఇదే. అయ్యాక సెర్చ్ యాడ్స్ 360కి వచ్చి కన్వర్షన్ల దగ్గరుండే కస్టమ్ వేరియబుల్స్ పేజీ చూడండి. అక్కడ మీ వేరియబుల్ "యాక్టివేషన్ కావాలి" అన్న స్థితిలో కనిపించవచ్చు. దాన్ని ఎనేబుల్ చేసి, డైమెన్షనో మెట్రిక్కో చెప్పేదాకా లెక్కలు పోగవ్వవు. ట్యాగ్ బ్రహ్మాండంగా పంపుతూనే ఉంటుంది, రిపోర్ట్‌లో మాత్రం గుండు సున్నా. అందుకని ట్యాగ్ లైవ్ చేసే ముందే ఎనేబుల్ చేసేయండి.

ఇప్పుడు వెబ్‌సైట్ వైపు. ట్యాగ్ మేనేజర్ (సైట్‌లో ట్యాగ్‌లని పెట్టి నడిపే గూగుల్ టూల్) వాడుతున్నారనుకుంటాను. డెవలపర్‌ని అడగాల్సింది ఒక్కటే, కానీ స్పష్టంగా అడగాలి: కొనుగోలు పూర్తయినప్పుడు డేటా లేయర్‌లోకి (పేజీ తన విలువల్ని ట్యాగ్ మేనేజర్‌కి అందించే చోటు) ఒకే పుష్‌లో, అంటే ఒక్కసారి పంపడంలోనే, ఈవెంట్ పేరు, దానితోపాటే కస్టమర్ రకం, ప్లాన్, మార్జిన్ అన్నీ రావాలి. "ఒకే పుష్‌లో" అన్న మాట కింద గీత గీయండి. ఈవెంట్ ముందు వచ్చి విలువలు అర సెకను తర్వాత వస్తే ట్యాగ్ ఆగదు, ఖాళీ చేతులతో వెళ్లిపోతుంది, రిపోర్ట్‌లో "అన్‌డిఫైన్డ్" (విలువ లేదు) అని మెరుస్తూ కూర్చుంటుంది. యు-వేరియబుల్స్ పనిచేయట్లేదని నా దగ్గరికి వచ్చిన కేసుల్లో ఎక్కువ శాతం ఇదే జబ్బు. ట్రిగ్గర్ (ట్యాగ్ ఎప్పుడు వెళ్లాలో చెప్పేది) కూడా పేజీ వ్యూ మీద పెట్టకండి, ఆ కస్టమ్ ఈవెంట్ మీదే పెట్టండి.

ట్యాగ్ మేనేజర్‌లో ఒక్కో విలువకి ఒక డేటా లేయర్ వేరియబుల్ చేసుకుని, ఫ్లడ్‌లైట్ సేల్స్ ట్యాగ్‌లో (డబ్బు లేని సైన్‌అప్ లాంటివైతే కౌంటర్ ట్యాగ్‌లో) కస్టమ్ వేరియబుల్స్ కింద ఎడమవైపు యు1, కుడివైపు ఆ వేరియబుల్ పెట్టండి. డేటా లేయర్ పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా ఉంటుంది, డెవలపర్ రాసింది ఉన్నదున్నట్టు కాపీ చేసుకోండి, చూసి టైప్ చేయకండి. విలువల్లోనూ ఒక పేజీ "న్యూ" అని పెద్ద అక్షరంతో, ఇంకో పేజీ చిన్న అక్షరంతో పంపుతుంటే మీ గుంపులు రెండు ముక్కలవుతాయి. డేటా లేయర్ వేరియబుల్‌లోనే ఫార్మాట్ వాల్యూ అని ఒక సెట్టింగ్ ఉంది, అంతా చిన్న అక్షరాల్లోకి మార్చమని టిక్ పెట్టేయండి. అన్‌డిఫైన్డ్ వస్తే దాని బదులు "తెలియదు" లాంటి మాట పంపమనీ అక్కడే చెప్పొచ్చు, డైమెన్షన్లకి ఇది మంచి పని, మెట్రిక్‌కి మాత్రం మాట కాకుండా 0 పంపండి. మెట్రిక్ విలువల్లో కరెన్సీ గుర్తులు, వేల దగ్గర కామాలు ఉండకూడదు. 1,499.50 కాదు, 1499.50. అక్షరాల విలువల్లో సెమికోలన్ రానివ్వకండి, ఫ్లడ్‌లైట్ తన ముక్కల్ని విడదీసుకునేది దాంతోనే కాబట్టి ప్లాన్ పేరు మధ్యలో అది పడితే లెక్క తప్పుతుంది. యాడ్ క్లిక్ వివరాల్ని గుర్తుపెట్టుకునే కన్వర్షన్ లింకర్ ట్యాగ్ అన్ని పేజీల్లో ఉందో లేదో కూడా ఒకసారి చూసుకోండి.

టెస్టింగ్‌కి ట్యాగ్ మేనేజర్ ప్రివ్యూ మోడ్‌లో ఒక డమ్మీ ఆర్డర్ పెట్టండి. ట్యాగ్ ఫైర్ అయిందని చూపించగానే సంబరపడకండి, ఆ ట్యాగ్ మీద నొక్కి యు1 ఎదురుగా అసలు విలువ ఉందా అని చూడండి. తర్వాత బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి డబుల్‌క్లిక్ అని వెతికితే సెమికోలన్లతో నిండిన పొడవాటి రిక్వెస్ట్ దొరుకుతుంది. యు1, యు2, యు3 అందులో వరసగా ఉంటాయి. అక్కడ కనిపించిందే బయటికి వెళ్లింది.

మర్నాడు సెర్చ్ యాడ్స్ 360లో మీ డమ్మీ ఆర్డర్ కనపడలేదని టెన్షన్ పడొద్దు. మీరు సైట్‌కి నేరుగా వెళ్లి కొన్నారు, యాడ్ మీద నొక్కి రాలేదు, కాబట్టి ఆ కన్వర్షన్‌ని అది ఏ కీవర్డ్ ఖాతాలోనూ వేయలేదు. ట్యాగ్ చేరిందా లేదా అన్నది క్యాంపెయిన్ మేనేజర్ రిపోర్ట్‌లో ఫ్లడ్‌లైట్ ఇంప్రెషన్స్ చూస్తే తెలుస్తుంది, ట్యాగ్ లోడ్ అయిన ప్రతిసారీ అక్కడ లెక్కకొస్తుంది. ఐరోపా యూజర్లు ఉన్న సైట్ అయితే కన్సెంట్ (ట్రాకింగ్‌కి అనుమతి) ఇచ్చి ఒకసారి, ఇవ్వకుండా ఒకసారి, రెండు రకాలుగా టెస్ట్ చేయండి.

డేటా రావడం మొదలయ్యాక కస్టమ్ కాలమ్స్ చేసుకోండి. "కొత్త కస్టమర్ కన్వర్షన్లు" అని ఒకటి, ఫిల్టర్‌లో యు1 విలువ ఇచ్చి. ఖర్చుని దాంతో భాగిస్తే ఒక్కో కొత్త కస్టమర్‌కి ఎంత పడుతోందో కీవర్డ్ పక్కనే కనిపిస్తుంది. యు3 మార్జిన్‌ని ఖర్చుతో పోల్చే కాలమ్ ఇంకోటి. ఆదాయం చూసి గొప్పగా ఉందనుకున్న కీవర్డ్, మార్జిన్ కాలమ్ పక్కన పెట్టేసరికి వెలవెలబోవడం మామూలే. అయితే ఈ కాలమ్స్ మీద బిడ్డింగ్ అప్పగించే ముందు రెండు మూడు వారాలు ఊరికే చూస్తూ ఉండండి, మీ ఆర్డర్ సిస్టమ్‌లోని మొత్తంతో పోల్చండి. అంకెకి అంకె సరిపోదు, కన్సెంట్ ఇవ్వనివాళ్లు, యాడ్ బ్లాకర్లు, యాడ్ ద్వారా రాని ఆర్డర్లు ఉంటాయి. చూడాల్సింది నిష్పత్తి. ఆర్డర్ సిస్టమ్‌లో కొత్తవాళ్లు మూడోవంతు ఉంటే ఇక్కడ పదోవంతే కనిపిస్తోందంటే, డెవలపర్‌తో కలిసి ఆ పుష్ దగ్గర మళ్లీ కూర్చోవాల్సిందే.