పిల్లల కాలేయంలో కొవ్వు: ఇంట్లో మార్చుకోవలసిన అలవాట్లు

ఊబకాయంతో పాటు కాలేయంలో కొవ్వు చేరిన పిల్లల విషయంలో మొట్టమొదట మార్చవలసినవి పానీయాలే, ఎందుకంటే కూల్‌డ్రింకులు, ప్యాకెట్ పండ్లరసాల్లోని ఫ్రక్టోజ్ అనే చక్కెర మోతాదు మించితే కాలేయంలో కొవ్వుగా మారుతుంది. బడి నుంచి రాగానే ఫ్రిజ్ తలుపు తీసే పిల్లవాడి చేతికి ముందుగా మంచినీళ్ల సీసాయే తగిలేలా ఉంచండి. తీపి పానీయాలను పెద్దల కోసమైనా కొనకండి, లేకపోతే ఈ నియమం వాడికి శిక్షలా తోస్తుంది. రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా ఆడనివ్వండి. 6 నుంచి 12 ఏళ్లవారికి 9 నుంచి 12 గంటల నిద్ర అవసరం. ఎదిగే వయసు కనుక పస్తులుంచకూడదు. ఎత్తు పెరుగుతుండగా బరువు నిలకడగా ఉన్నా చాలామందికి మేలే కాబట్టి, ఎంత తగ్గాలన్నది పిల్లల వైద్యులకే వదిలేయండి. నలుగురిలో బరువు గురించి ఎగతాళి మాత్రం దయచేసి చేయకండి.