బరువు తగ్గే సర్జరీ తర్వాత రక్త పరీక్షల రిపోర్టు ఎలా చదవాలి?

రిపోర్టు చేతికి రాగానే చాలామంది ‘హై’, ‘లో’ అని ఎక్కడైనా ఉందేమో చూస్తారు. ఏమీ లేకపోతే హమ్మయ్య అనుకుని ఫైల్లో పెట్టేస్తారు. బరువు తగ్గడానికి స్లీవ్, బైపాస్, మినీ బైపాస్ అనే సర్జరీలు చేయించుకున్నవాళ్లకు ఆ చూపు చాలదు. వీళ్ల రిపోర్టులో ప్రతి అంకెనూ దాని జతతో కలిపి చూడాలి, పోయినసారి అంకెతో పోల్చాలి. అర్థం కావడానికి ఒక రిపోర్టు ఊహించుకుందాం, అందులోని పేర్లను కింద ఒక్కొక్కటిగా విడమరుద్దాం. బైపాస్ అయి ఏడాదిన్నర దాటిన 34 ఏళ్ల మహిళది: హిమోగ్లోబిన్ 12.2, ఎంసీవీ 86, ఆర్‌డీడబ్ల్యూ 17.1, ఫెరిటిన్ 16, బీ12 228, కాల్షియం 9.1, ఆల్బుమిన్ 3.9, విటమిన్ డీ 17, పీటీహెచ్ 94. చాలా ల్యాబుల్లో వీటిలో మూడింటికే (ఆర్‌డీడబ్ల్యూ, విటమిన్ డీ, పీటీహెచ్) ‘హై’, ‘లో’ గుర్తు పడుతుంది. నిజానికి ఇందులో మూడు లోపాలున్నాయి, పైగా గుర్తు పడని అంకెల్లోనే రెండు దాక్కున్నాయి.

1. రిపోర్టు పైన రెండు సంగతులు రాయండి

మీకు చేసిన సర్జరీ ఏది, చేసి ఎన్ని నెలలైంది. స్లీవ్‌లో పొట్టలో మూడొంతులకు పైగా తీసేస్తారు, పేగును ముట్టుకోరు. దాంతో యాసిడ్ తగ్గుతుంది, బీ12 ఒంటికి పట్టడానికి కావలసిన ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ కూడా తగ్గుతుంది. బైపాస్‌లో తిన్నది చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండానే కిందికి పోతుంది. ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటికి పట్టేది అక్కడే. మినీ బైపాస్‌లో మామూలుగా ఇంకా ఎక్కువ పేగు దాటిపోతుంది కాబట్టి లోపాల భయమూ ఎక్కువే.

పరీక్షలు 3, 6, 12 నెలలకు, ఆ తర్వాత ఏటా, జీవితాంతం. రెండేళ్లు బాగుంది కదా అని మానేసేవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. బీ12 నిల్వలు కాలేయంలో ఏళ్ల తరబడి ఉంటాయి. అవి అయిపోయేదాకా రిపోర్టు బాగానే కనిపిస్తుంది మరి.

2. రక్తం ఇచ్చే ముందు

పొద్దున్నే పరగడుపున ఇవ్వండి, నీళ్లు తాగొచ్చు. ఆ ముందు రోజు, ఆ పొద్దున ఐరన్ మాత్ర వేసుకోవద్దు. వేసుకుంటే సీరమ్ ఐరన్ (ఆ సమయానికి రక్తంలో ఉన్న ఐరన్) అంకె ఊరికే పైకి పోతుంది.

అందరూ మర్చిపోయేది బయోటిన్, అంటే జుట్టు కోసం వాడే ఒక బీ విటమిన్. సర్జరీ అయిన మూడు నుంచి ఆరు నెలల్లో జుట్టు ఊడుతుంది, భయపడి 5, 10 ఎంజీల బయోటిన్ మాత్రలు మొదలుపెడతారు. కొన్ని ల్యాబ్ మెషీన్లలో ఈ బయోటిన్ పరీక్షకే అడ్డుపడుతుంది. పీటీహెచ్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), ఫెరిటిన్ ఉన్నదానికన్నా తక్కువగా, విటమిన్ డీ, బీ12 ఉన్నదానికన్నా ఎక్కువగా రావచ్చు. రక్తం ఇచ్చే రెండు మూడు రోజుల ముందు నుంచే ఆపండి. అన్నట్టు, ఆ దశలో జుట్టు ఊడటం చాలావరకు బరువు వేగంగా తగ్గడం వల్ల, దానంతట అదే తగ్గుతుంది. ఏడాది దాటినా ఊడుతుంటే మాత్రం ఐరన్, ప్రోటీన్, జింక్ చూడాలి.

వీలైనంతవరకు ప్రతిసారీ ఒకే ల్యాబ్‌కు వెళ్లండి. విదేశాల్లో సర్జరీ చేయించుకుని ఇక్కడ పరీక్షలు చేయించుకునేవాళ్లు, ఇక్కడ చేయించుకుని అక్కడికి వెళ్లేవాళ్లు యూనిట్లు చూసుకోవాలి. విటమిన్ డీ మన దగ్గర, అమెరికాలో నానోగ్రాముల్లో ఇస్తారు, బ్రిటన్‌లో నానోమోల్స్‌లో. ఇక్కడి 20 అక్కడ 50. ఏకంగా రెండున్నర రెట్లు పెరిగిందని సంబరపడకండి.

3. ఐరన్: హిమోగ్లోబిన్ దగ్గర ఆగవద్దు

హిమోగ్లోబిన్ పడిపోయేది చివర్లో. ముందు ఖాళీ అయ్యేది నిల్వ, అంటే ఫెరిటిన్. మన ఉదాహరణలో హిమోగ్లోబిన్ 12.2, ఆడవాళ్ల కనీస హద్దు 12 దాటింది కాబట్టి రక్తహీనత లేదంటారు. ఫెరిటిన్ 16ను కూడా కొన్ని ల్యాబులు నార్మల్‌లోనే వేస్తాయి. కానీ ఫెరిటిన్ 30 లోపు ఉంటే ఐరన్ నిల్వలు తగ్గినట్టే లెక్క.

తిరకాసు ఇంకోటుంది. ఒంట్లో ఎక్కడైనా ఇన్ఫెక్షన్, వాపు ఉంటే ఫెరిటిన్ అబద్ధంగా పెరుగుతుంది. జ్వరం తగ్గిన వారంలోనే పరీక్ష చేయిస్తే 80 వచ్చినా నమ్మకూడదు. పక్కన సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చెప్పే పరీక్ష), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండిందో చెప్పే అంకె) చూడాలి. శాచురేషన్ 20 శాతం లోపుంటే ఐరన్ అందడం లేదని అనుమానించాలి.

నెలసరి వచ్చే ఆడవాళ్లకు, బైపాస్ అయినవాళ్లకు రోజుకు 45 నుంచి 60 ఎంజీల ఎలిమెంటల్ ఐరన్ కావాలి. ఆ ‘ఎలిమెంటల్’ అన్న మాట డబ్బా మీద వెతకండి. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో ఐరన్ సుమారు మూడో వంతే. మాత్రతోపాటు టీ, కాఫీ, పాలు వద్దు. మాత్రలు సరిగ్గా వేసుకున్నా ఫెరిటిన్ కదలకపోతే తప్పు మీది కాదు, పేగు తీసుకోవడం లేదు. అప్పుడు నరం ద్వారా ఐరన్ ఎక్కించడమే దారి.

4. బీ12, ఫోలేట్: రెండూ కలిపే

ఉదాహరణలో ఎంసీవీ 86 చక్కగా నార్మల్. ఎర్ర కణం సగటు సైజు అది. ఐరన్ తగ్గితే కణాలు చిన్నవవుతాయి, బీ12 తగ్గితే పెద్దవవుతాయి. రెండూ తగ్గితే సగటు మధ్యకు వచ్చి కూర్చుంటుంది! పట్టించేది ఆర్‌డీడబ్ల్యూ. కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెబుతుంది. 14.5 దాటితే చిన్నవీ పెద్దవీ కలిసి ఉన్నాయేమో చూడాలి. ఇక్కడ 17.1 ఉంది. ఫెరిటిన్ 16, బీ12 228 పక్కన పెట్టి చూస్తే కథ తెలిసిపోతుంది.

బీ12 అంకె 200 లోపు వస్తే లోపమే. 200 నుంచి 300 మధ్య వస్తే లోపం లేదని చెప్పలేం. మిథైల్ మలోనిక్ యాసిడ్ (బీ12 చాలకపోతే రక్తంలో పెరిగే పదార్థం) పరీక్ష చేస్తే తేలుతుంది. అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, మతిమరుపు ఉంటే ఆ పరీక్ష కోసం కూడా ఆగకుండా చాలామంది డాక్టర్లు ఇంజెక్షన్లు మొదలుపెడతారు. అదే సబబు. శాకాహారులు, మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, గ్యాస్ మాత్రలు నెలల తరబడి వేసుకునేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. నివారణకు రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాముల మాత్ర, లేదా నెలకోసారి 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్.

బీ12 చూడకుండా ఫోలిక్ యాసిడ్ (మాత్ర రూపంలోని ఫోలేట్) ఒక్కటే వాడటం ప్రమాదం. రక్తం సరిపడుతుంది, హిమోగ్లోబిన్ పెరుగుతుంది, లోపల నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి.

5. కాల్షియం నార్మల్ అంటే నమ్మవద్దు

ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. కాల్షియం 9.1, హద్దు 8.5 నుంచి 10.5, ఇంకేం కావాలి అనిపిస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె, కండరాలు ఆగం అవుతాయి కాబట్టి శరీరం దాన్ని పడిపోనివ్వదు. తిండి నుంచి రాకపోతే పారాథైరాయిడ్ గ్రంథి పీటీహెచ్‌ను పెంచి ఎముకల్లోంచి తీయిస్తుంది. జేబులో డబ్బు నిండుగానే ఉంటుంది, ఖాళీ అవుతున్నది బ్యాంకు ఖాతా. అందుకే కాల్షియం, విటమిన్ డీ, పీటీహెచ్ మూడూ ఒకే శాంపిల్‌లో చేయించాలి. పీటీహెచ్ మామూలు హద్దు 15 నుంచి 65. ఇక్కడ 94 ఉంది, విటమిన్ డీ 17కి పడిపోయింది. ఎముక కరుగుతోంది.

ఆల్బుమిన్ (రక్తంలోని ముఖ్యమైన ప్రోటీన్) 4 కన్నా తక్కువుంటే కాల్షియం అంకెను సరిచేసుకోవాలి. తగ్గిన ప్రతి 1 గ్రాముకు కాల్షియానికి 0.8 కలపండి. ఆల్బుమిన్ 3 ఉండి కాల్షియం 8.2 వస్తే అసలు లెక్క 9.0.

విటమిన్ డీ 30 పైన ఉండాలి. మన దగ్గర వారానికోసారి 60,000 యూనిట్ల సాచెట్ రాస్తారు. ఎన్ని వారాలో చీటీలో చూసుకుని అక్కడ ఆపాలి. ఏడాదంతా తాగేసి కాల్షియం పెరిగిపోయి ఆస్పత్రిలో చేరినవాళ్లున్నారు. కాల్షియం రోజుకు 1200 నుంచి 1500 ఎంజీలు, ఒక్కో మోతాదు 500, 600 మించకుండా. యాసిడ్ తక్కువ కాబట్టి కార్బొనేట్ కన్నా సిట్రేట్ రకం నయం. అయితే సిట్రేట్‌లో అసలు కాల్షియం అయిదో వంతే, 1000 ఎంజీల మాత్రలో సుమారు 210. ఐరన్‌కూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. పడుకునే ముందు ఐరన్, తిండి తర్వాత కాల్షియం అని పెట్టుకుంటే కలవవు.

6. ప్రోటీన్, మిగతావి

ఆల్బుమిన్ 3.5 లోపు వస్తే ప్రోటీన్ లోపం ఉండొచ్చు. కానీ ఇన్ఫెక్షన్, కాలేయ జబ్బుల్లోనూ అది తగ్గుతుంది. కాళ్ల వాపుతో కలిపి కనిపిస్తే డాక్టర్ దగ్గరికి వెంటనే వెళ్లాలి. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ తినాలి. కోడిగుడ్డులో ఉండేది 6 గ్రాములే, పప్పుచారులో అంతకన్నా తక్కువే. పలచటి పప్పుచారు తాగి ప్రోటీన్ అందింది అనుకోవడం మన ఇళ్లల్లో మామూలు.

జుట్టు కోసమని జింక్ ఎక్కువ వాడితే రాగి పడిపోతుంది. 8 నుంచి 15 ఎంజీల జింక్‌కు 1 ఎంజీ రాగి ఉన్న మాత్ర చూసుకోండి. ఐరన్ లోపం ఉన్నప్పుడు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, షుగర్ తిరిగొచ్చిందని అప్పుడే కంగారొద్దు. బైపాస్ అయినవాళ్లు గర్భంతో ఉన్నప్పుడు షుగర్ పరీక్ష కోసం 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగితే చెమటలు, కళ్లు తిరగడం, విరేచనాలు పట్టుకోవచ్చు. సర్జరీ సంగతి ముందే చెప్పి, దాని బదులు వారం పాటు ఇంట్లో గ్లూకోమీటర్‌తో చూసుకుంటానని అడగండి.

7. రిపోర్టు కోసం ఆగకూడనిది ఒకటుంది

విటమిన్ బీ1, అంటే థయమిన్. ఒంట్లో దీని నిల్వ రెండు మూడు వారాలకే. సర్జరీ అయిన మొదటి నెలల్లో వాంతులు ఆగకపోతే ఇది అయిపోతుంది. నడక తూలడం, చూపు రెండుగా కనిపించడం, అయోమయపడటం దాని గుర్తులు. రిపోర్టు వచ్చేసరికి మెదడు దెబ్బతింటుంది కాబట్టి అనుమానం రాగానే ఇంజెక్షన్ ఇస్తారు. నీరసంగా ఉందని దగ్గర్లోని క్లినిక్‌లో గ్లూకోజ్ సెలైన్ పెట్టించుకోవడం మనకు అలవాటు. థయమిన్ లేకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త బీ1 కూడా ఖర్చయిపోయి పరిస్థితి విషమిస్తుంది. ‘నాకు బేరియాట్రిక్ (బరువు తగ్గే) సర్జరీ అయింది, ముందు థయమిన్ ఇవ్వండి’ అన్న మాట ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

8. మళ్లీ ఎప్పుడు

మందు మోతాదు మార్చాక 8 నుంచి 12 వారాలకు. బీ12 ఇంజెక్షన్ వేయించుకున్న మరుసటి వారం చూస్తే అంకె ఆకాశంలో ఉంటుంది, దానికి అర్థం లేదు. తర్వాతి ఇంజెక్షన్‌కు ఒకటి రెండు రోజుల ముందు రక్తం ఇవ్వండి. ఐరన్ ఎక్కించుకున్నాక కూడా ఫెరిటిన్ నాలుగు వారాలు ఆగి చూడాలి.