పీసీ మనమే బిగించుకుందాం – 7వ పాఠం: ఫ్యాన్ తిరుగుతోంది, లైటు రాలేదు

ఈసారి ఫ్యాన్ లైట్ల రంగులు సాఫ్ట్‌వేర్‌లో మార్చడం చెబుదామనుకున్నాను. ఆరో పాఠం తర్వాత వచ్చిన ఫోన్లు విన్నాక అది వచ్చే పాఠానికి జరిగింది. ఫ్యాన్లు బిగించినవాళ్లలో ఎక్కువమంది అడిగింది ఒకటే: "ఏం నా, ఫ్యాన్ తిరగతా ఉండాది, లైటే రాలేదు."

లైట్ల ఫ్యాన్‌కు వైర్లు రెండు. ఒకటి మోటారుది, ఇంకోటి లైటుది. మోటారు వైరు మదర్‌బోర్డు మీద 'చా ఫ్యాన్' అనో 'సిస్ ఫ్యాన్' అనో ఉన్న చోటికి పోతుంది. రెండోది వెనక్కాల వేలాడుతుంటే లైటు ఎక్కణ్ణుంచి వస్తుంది? కొరమీనుగుంట నుంచి ఫోన్ చేసిన ఒకరిది దీనికి తలకిందులు. లైట్లు జిగేల్‌మంటున్నాయి, రెక్క కదలదు.

ఇంకో గోల, ఆన్ చేయగానే 'సీపీయూ ఫ్యాన్ ఎర్రర్' రావడం. ప్రాసెసర్ మీది ఫ్యాన్ 'సీపీయూ ఫ్యాన్' పిన్నుల్లోనే ఉండాలి. అక్కడ వేగం కనపడకపోతే బోర్డు భయపడి ఆగిపోతుంది. స్ప్లిటర్ (ఒకే చోటి నుంచి చాలా ఫ్యాన్లకు పంచే వైరు) వాడినవాళ్లు దాని కొసలు ఓసారి చూడండి. ఒక కొసకే నాలుగు పిన్నులుంటాయి, మిగతావాటికి మూడే. వేగం చెప్పే వైరు ఆ నాలుగు పిన్నుల కొసలో మాత్రమే ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేస్తే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నా బయోస్‌లో (బోర్డు సొంత సెట్టింగుల తెరలో) సున్నా అనే చూపిస్తుంది.

స్క్రూలు బిగించడం మళ్లీ చెప్పను. గాలి వైపు మాత్రం గుర్తుపెట్టుకోండి: మోటారును పట్టుకున్న కడ్డీలు కనిపించే వైపు నుంచి గాలి బయటికొస్తుంది. ముందు నుంచి లోపలికి, వెనక నుంచీ పై నుంచీ బయటికి. మే నెల తిరుపతి ఎండలో రంగులకన్నా ఇదే ముఖ్యం. నన్నడిగితే ముందు మామూలు నల్ల ఫ్యాన్లు పెట్టి, అద్దంలోంచి కనిపించే వెనక ఫ్యాన్ ఒక్కటి లైట్లది కొంటే చాలు. వినేవాళ్లు లేరనుకోండి.

ఇప్పుడు అసలు తలనొప్పి. చిత్తూరు గ్రీమ్స్‌పేట నుంచి ఒక తమ్ముడు ఫొటో పంపాడు. మూడు పిన్నుల లైటు వైరును నాలుగు పిన్నుల మీద నొక్కిపెట్టాడు. ఆన్ చేయగానే ఒక్కసారి మెరిసి ఆరిపోయిందట. ఇక అది వెలగదు.

బోర్డు మీద లైట్ల పిన్నులు రెండు రకాలు. నాలుగు పిన్నులూ ఉన్నది 12 వోల్టులది. దాంట్లో లైట్ల వరుస మొత్తం ఒకే రంగులో వెలుగుతుంది. ఒక పిన్ను తీసేసి మధ్యలో ఖాళీ ఉన్నది 5 వోల్టులది. దీన్నే ఏఆర్‌జీబీ అంటారు, ఒక్కో బుడ్డి లైటుకు ఒక్కో రంగు ఇవ్వొచ్చు. ఇప్పుడు కొనే ఫ్యాన్లు చాలావరకు ఈ రెండో రకమే. రెండింటి సైజూ ఒకటే, పిన్నుల మధ్య దూరమూ ఒకటే. 5 వోల్టులు ఉండాల్సిన చోటే నాలుగు పిన్నులదాంట్లో 12 వోల్టులుంటాయి. లైటు వైరు కొసలో ఆ ఖాళీ చోట రంధ్రం మూసి ఉంటే వైరు తప్పు చోటికి దిగదు. కానీ చవక వైర్లలో ఆ రంధ్రం తెరిచే ఉంటుంది, లేదా బలంగా నొక్కితే దిగిపోతుంది. నొక్కాల్సి వచ్చిందంటేనే తప్పు చోట పెడుతున్నట్టు.

పేర్లు కూడా కంపెనీకొకటి. ఎంఎస్‌ఐ బోర్డులో 'జేరెయిన్‌బో' అంటే 5, 'జేఆర్‌జీబీ' అంటే 12. గిగాబైట్‌లో 'డీ లెడ్' 5, 'లెడ్ సీ' 12. ఏఎస్‌రాక్‌లో 'అడ్రెస్ లెడ్' 5. పేరు మీద నమ్మకం లేకపోతే పిన్నులు లెక్కపెట్టండి. అదీ నమ్మకం లేకపోతే మల్టీమీటర్‌ను డీసీ 20 దగ్గర పెట్టి, పీసీ ఆన్‌లో ఉండగా నల్ల ప్రోబు క్యాబినెట్‌లో రంగు లేని ఇనుముకు, ఎర్రది మొదటి పిన్నుకు, అంటే వోల్టులు వచ్చేదానికి, ఆనించండి. పక్క పిన్నును తాకొద్దు. చెయ్యి వణికేవాళ్లు ఈ పని ఇంకొకరికి ఇవ్వండి. వైరు మీద చిన్న బాణం గుర్తుంటుంది. అది 5 వోల్టుల పిన్ను వైపు ఉండాలి. ఇక, మూడు పిన్నులను నాలుగుకు మార్చే కన్వర్టర్ దొరుకుతుందా అని అడుగుతారు. ఉత్త వైరు ముక్కతో ఆ పని జరగదు. ఆ డబ్బుకు ఒక కంట్రోలర్ (లైట్లను విడిగా నడిపే చిన్న పెట్టె) కొనండి.

ఒక ఫ్యాన్ లైటు వెలిగి దాని తర్వాతవి వెలగకపోతే? పెళ్లి పంక్తిలో విస్తరాకుల కట్ట అందించినట్టు, ప్రతి బుడ్డి లైటూ తన వంతు సమాచారం తీసుకుని మిగతాది పక్కదానికి ఇస్తుంది. మధ్యలో ఒకటి చెడితే కట్ట అక్కడే ఆగుతుంది. కాబట్టి ఒకదానికొకటి తగిలించిన ఫ్యాన్లలో చివరగా వెలిగినదానికీ, మొదట ఆరినదానికీ మధ్యనున్న జాయింటు చూడండి. స్ప్లిటర్‌తో విడివిడిగా ఇస్తే ఈ బాధ లేదు, కానీ అన్ని ఫ్యాన్లలో ఒకే ఆట కనిపిస్తుంది.

ఆరు పిన్నుల కొసతో, రిమోట్‌తో వచ్చే చవక సెట్లు బోర్డుకు నేరుగా తగలవు. వాటితో వచ్చిన హబ్‌ను (ఫ్యాన్లన్నీ తగిలించే పెట్టెను) పవర్ సప్లై నుంచి వచ్చే సాటా పవర్ వైరుకు తగిలించాలి. రంగులు బోర్డు మాట వినకపోతే హబ్ బటన్‌ను కాసేపు నొక్కిపట్టి చూడండి. చాలా హబ్‌లలో బోర్డు సింక్‌కు, అంటే బోర్డు చెప్పిన రంగులకు, మారేది అలాగే.

ఆంప్స్ లెక్క తేలికే. ఫ్యాన్ పిన్నులకు మామూలుగా 1 ఆంప్ పరిమితి. స్టిక్కర్ మీద 0.25 అని ఉంటే మూడు చాలు, నాలుగోది హబ్‌కు. మూడు పిన్నుల పాత ఫ్యాన్ అదే పనిగా రొద చేస్తుంటే బయోస్‌లో ఆ పిన్నులను పీడబ్ల్యూఎం (నాలుగో పిన్నుతో వేగం మార్చే పద్ధతి) నుంచి డీసీకి (వోల్టులు తగ్గించి వేగం మార్చే పద్ధతికి) మార్చండి.

అభ్యాసం: పీసీ ఆపి, ప్లగ్గు పీకండి. ఏ వైరు ఎక్కడికి పోతోందో కాగితం మీద బొమ్మ గీయండి, ప్రతి కొస దగ్గరా వోల్టులు, పిన్నుల సంఖ్య, స్టిక్కర్ మీది ఆంప్స్ రాయండి. తర్వాత ఫ్యాన్, లైటు వైర్లన్నీ పీకేసి, మాన్యువల్ తెరవకుండా ఆ కాగితం చూసి మాత్రమే మళ్లీ తగిలించండి. ఆన్ చేసే ముందు కాగితాన్ని ఫొటో తీసి నాకు పంపండి. పన్నెండూ ఐదూ తారుమారై ఉంటే అప్పుడే చెబుతాను.